మగ్గం ఆపించిన మాట

2022లో నేను విజయవాడ గవర్నర్‌పేటలో, ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న స్పీచ్ అండ్ హియరింగ్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. పిల్లలకు వినికిడి పరీక్షలు చేయడం, హియరింగ్ ఎయిడ్ అమర్చడం, ఆ తర్వాత మాటలు నేర్పడం నా పని. మెషిన్ పెట్టగానే పిల్లలు మాట్లాడేస్తారని చాలామంది అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. చెవిలో పడే చప్పుడుకు ఒక అర్థం ఉందని పిల్లకు తెలియాలి. అందుకు మేలుకుని ఉన్నంతసేపూ మెషిన్ చెవిలో ఉండాలి.

జాహ్నవికి అప్పుడు మూడేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులూ సరిగా వినపడవు. తల్లి నాగమణి ప్రతి శుక్రవారం పెడన నుంచి బస్సులో తీసుకొచ్చేది. వాళ్లది నేత కుటుంబం. భర్త వెంకటేశ్వర్లు గారు చీరలు నేస్తారు, ఆవిడ నూలు కండెలకు చుడుతుంది.

మెషిన్ పెట్టి రెండు నెలలయ్యాక డేటా లాగింగ్ తీసి చూశాను. రోజుకు ఎన్ని గంటలు చెవిలో ఉన్నదీ మెషినే నమోదు చేసుకుంటుంది, దాన్నే అలా అంటాం. మూడు గంటలు కూడా లేదు. నాకు కోపం వచ్చింది. మాటలు పట్టే వయసు మళ్లీ రాదనీ, ఇలాగైతే ఇంత దూరం తిరగడం వృథా అనీ గట్టిగానే అన్నాను.

ఆవిడ తల వంచుకుని వింది. తర్వాత, "మగ్గం వేస్తుంటే పీకేస్తుందండీ మేడమ్. ఏడుస్తుంది," అంది.

అలాంటప్పుడు వేరే గదిలో ఉంచమని చెప్పాను. ఆవిడ సరేనని తలూపి, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. వేరే గది ఉందా అని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

తర్వాత రెండు శుక్రవారాలు వాళ్లు రాలేదు. మాట తూలానేమోనని మనసు పీకుతూనే ఉన్నా ఫోన్ చేయలేకపోయాను. మూడో వారం వచ్చారు. ఈసారి లాగింగ్‌లో ఎనిమిది గంటలు కనిపించింది. పొరపాటేమోనని రెండోసారి చూశాను. ఎలా చేశారని అడిగితే ఆవిడ వివరంగా చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

ఉన్నది ఒకటే గది, పక్కన చిన్న వంటిల్లు. గదిలో సగం గుంట మగ్గానిదే. జాహ్నవి అంగన్‌వాడీలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు వెంకటేశ్వర్లు గారు ఏకబిగిన నేస్తున్నారు. పాప ఇంట్లో మేలుకుని ఉంటే పద్ధతి వేరు. నాగమణి పాప చేతిని మగ్గం చెక్క మీద ఆనించి, "నాన్న వేస్తున్నాడు," అని చెబుతుంది. ఆయన నూలు కండె ఉన్న నాడెను అటు నుంచి ఇటు ఒక్కసారి విసిరి ఆగుతారు. "ఆగింది," అంటుంది ఆవిడ. మొదటి రోజుల్లో ఒక్క విసురే. తర్వాత రెండు, నాలుగు. పాప చెయ్యెత్తినప్పుడల్లా నాగమణి "ఆపు" అంటే ఆయన ఆపేవారు; అలా చెయ్యెత్తితే మగ్గం ఆగుతుందని పాపకు తెలిసింది. చప్పుడు తన చేతిలో ఉందని తెలిశాక మెషిన్ పీకడం మానేసింది.

చప్పుడు మొదలవడం, ఆగడం గుర్తుపట్టించడానికి క్లినిక్‌లో నేను డప్పు, బొమ్మలు పెట్టుకుని వారానికి అరగంట చేయించే పని అదే. పేరు తెలియకుండానే ఆవిడ రోజంతా చేయిస్తోంది.

నేను గోడకు ఆనుకుని కూర్చుని చూస్తుండగా, జాహ్నవి ఈసారి చెయ్యెత్తలేదు. తండ్రి ముఖంలోకి చూసి, "ఆపు," అంది. దాని నోట నేను విన్న మొదటి మాట అది.

మగ్గం ఆగిపోయింది. నాగమణి చీర కొంగుతో కళ్లొత్తుకుంది. పాప మళ్లీ వేయమన్నట్టు చెక్క తట్టింది. ఆయన వేశారు. "ఆపు." ఆపారు. అలా ఎన్నిసార్లో.

పని సాగదేమోనని అడిగాను. వారంలో దిగే చీరకు పదిరోజులు పడుతోందని ఆయన ఒప్పుకున్నారు. "అది ఆపమన్నప్పుడు నేను ఆపకపోతే దాని మాటకి విలువేముంటదండీ?" అన్నారు.

ఆ ఇరుకు గదిలో మగ్గం చప్పుడు విన్నాక, ఆ రోజే నా తప్పు కూడా తెలిసింది. పెద్ద చప్పుళ్లు చెవిలోకి ఎంతవరకు రావాలో మెషిన్‌లో ఒక హద్దు పెడతాం. నిశ్శబ్దంగా ఉండే నా గదిలో కూర్చుని, ఆ పాపకు నేను పెట్టిన హద్దు ఎక్కువైంది. మగ్గం వేసినప్పుడల్లా దానికి చెవి పోటు పెట్టి ఉంటుంది. మర్నాడే పిలిపించి సరిచేశాను. ముందు నాగమణి గారికి క్షమాపణ చెప్పాను. "మీరు కోప్పడబట్టే కదండీ ఆలోచించింది," అని ఆవిడ తేలిగ్గా తీసేసింది. నాకు మాత్రం అది తేలిక కాలేదు.

అప్పటినుంచి తల్లిదండ్రులకు సలహా చెప్పే ముందు ఇంట్లో ఎన్ని గదులు, ఏం పని, ఏం చప్పుళ్లు అని అడుగుతున్నాను. పిల్లతో రోజంతా ఉండేవాళ్లకు నాకు తెలియనిది తెలుస్తుందని ఆ ఇల్లు నేర్పింది.

జాహ్నవి ఇప్పుడు బడికి వెళ్తోంది. కొన్ని అక్షరాలు ఇంకా తడబడతాయి, వాటి కోసం నెలకోసారి వస్తారు. మొన్న వచ్చినప్పుడు, బిడ్డకు కొత్తగా మెషిన్ పెట్టించిన ఒక తల్లి వరండాలో ఏడుస్తూ కూర్చుని ఉంది. నాగమణి వెళ్లి పక్కన కూర్చుంది. మాటలు రావడానికి మీ పాపకు ఎన్నాళ్లు పట్టిందని ఆ తల్లి అడిగింది.

"లెక్కపెట్టలేదమ్మా," అంది నాగమణి. "రోజూ దాంతో మాట్లాడటానికే సరిపోయింది."