పదకొండు పేర్ల తర్వాత

ఉగాండాలోని మా ఫోర్ట్ పోర్టల్‌లో ప్రోగ్రాములు రాసేది కబహుమా ఒక్కతే. కంపాలాలో ఆమెతో కోర్సు చేసినవాళ్లంతా అక్కడే ఉద్యోగాలు చూసుకున్నారు. ఆమె మాత్రం తల్లికి జబ్బు చేసిందని తిరిగొచ్చింది. తల్లి పోయాక కూడా ఉండిపోయింది. మార్కెట్ వెనక ఉన్న చిన్నపిల్లల ఆస్పత్రిలో ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. బిడ్డ బరువు కొడితే మందు ఎంత పట్టాలో లెక్కకట్టి చీటీ అచ్చువేసే ప్రోగ్రాము దానిమీద రాసింది. నర్సులు వరండాలో కూర్చుని కరో అనే రాగి ముద్దలు పంచుకునేవాళ్లు, ఆమె కంప్యూటర్ దగ్గరే తినేది. వాళ్లు పిలవక కాదు. ఆమె చెప్పాలనుకున్న సంగతులు అక్కడ ఎవరికీ పట్టేవి కావు.

1994 వానల్లో మా ఎనిమిది నెలల పాపకు జ్వరమొచ్చింది. చీటీలో ఒక చెంచా అని ఉంది. నేను బళ్లో ఫిజిక్స్ చెబుతాను, పాప విషయంలో ప్రతిదీ రెండుసార్లు లెక్కేస్తాను. కిందటి నెల చీటీ వెతికి తీశాను. మందు అదే. పాప పెరిగింది పావుకిలో. అందులో అరచెంచా అని ఉంది.

వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాను.

"అతేన్యీ, ఇది రెండింతలు కాదూ?" అన్నాను కబహుమాను ముద్దుపేరుతో పిలిచి.

ఆమె రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసింది. "పట్టేశావా అబ్వోలీ?" అంది, నన్నూ ముద్దుపేరుతోనే.

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ పొద్దున చీటీలు తీసుకెళ్లిన తొమ్మిది ఇళ్లకూ నర్సులు ఉరికారు. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్ద నర్సు టింకసిమిరె మాత్రం ఊరుకోలేదు.

"మా రాత కోడి గెలికినట్టుంటుందని నవ్వావుగా తల్లీ? ఆ కోడి ఏ పిల్లకీ రెండింతలు పోయలేదు. శుక్రవారం దాకా చూస్తా. తప్పెలా వచ్చిందో, మళ్లీ ఎందుకు రాదో చెప్పు. చెప్పలేకపోతే చీటీలన్నీ చేత్తోనే."

తప్పెలా వచ్చిందో కబహుమా నాకు చెప్పింది. ప్రోగ్రామును మార్చినప్పుడల్లా ఒక కాపీ ఫ్లాపీలో దాచేది. తేదీని బట్టి గుర్తుపడదామంటే, కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటర్ 1980 జనవరి ఒకటికి వెళ్లిపోయేది. అందుకని మేం ఒకరినొకరు పిలుచుకునే ముద్దుపేర్లే కాపీలకు పెట్టుకుంది. మొదటిది అమోతి, రెండోది అడ్యేరి, అలా. ఊరందరికీ కలిపి ఉన్నవే పన్నెండు పేర్లు. అందులో ఓకాలి రాజుగారిది, దాన్ని ముట్టుకోలేదు. పదకొండూ అయ్యాక మళ్లీ అమోతి దగ్గర మొదలుపెట్టింది. ఇంట్లో ఫ్లాపీలో పాత అమోతి, ఆస్పత్రి ఫ్లాపీలో కొత్త అమోతి. ఆ చీటీలకు ముందురోజు రాత్రి కరెంటు పోయి కంప్యూటర్‌లోది పాడైతే, పాతదాన్ని, అప్పటి పలచటి మందు లెక్కతో ఉన్నదాన్ని, ఎక్కించేసింది.

"రాజుగారి పేరు కూడా వాడేసుకోవాల్సింది," అన్నాను, నవ్వుతుందేమోనని.

"వాడితే మాత్రం? ఇదే తప్పు ఇంకో వారం తర్వాత చేసుండేదాన్ని."

మా బడికి ఎవరో పంపిన పాత ఫ్లాపీల కట్ట ఒకటి ఉంది. బళ్లో కంప్యూటరే లేదు, చెరిపేసి వాడుకోమని ఆమెకిచ్చాను. చెరిపే ముందు ఒక్కొక్కటీ తెరిచి చూసిందట. ఏడోదాంట్లో దొరికింది: ఒకే ప్రోగ్రాముకు చేసిన మార్పులన్నీ వరసగా దాచిపెట్టి, వాటికి అంకెలు తనే వేసి, ఏ రెంటికి ఎక్కడ తేడా ఉందో పంక్తి పంక్తీ చూపించే సాఫ్ట్‌వేర్.

గురువారం సాయంత్రం నేను వెళ్లేసరికి తెర ముందు కూర్చుని ఉంది.

"ఇటు రా. దాచమంటే ముందు ఏమడుగుతోందో చూడు. ఏం మార్చావు, ఎందుకు మార్చావు అంటోంది." తెరమీది ఆ ప్రశ్నను వేలితో చూపించింది. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు అబ్వోలీ."

"మరి ఆ చెంచా సంగతి?" అన్నాను. నా ధ్యాసంతా దానిమీదే.

"అదా? నిన్ననే సరిచేశా," అని మళ్లీ తెరవైపు తిరిగింది.

శుక్రవారం పెద్ద నర్సు ఇరవై బరువులు కొట్టి చూసింది. ఇరవయ్యీ సరిగ్గా వచ్చాయి.

"బాగుంది. కానీ నువ్వు రాసి నువ్వే సరిగ్గా ఉందంటే ఎలా? సూది మందు మాలో ఇద్దరు చూసుకుంటేగానీ వెయ్యం. నువ్వు మార్చిన ప్రతిసారీ ఇంకొకళ్లు చదివి సంతకం పెట్టాలి."

కబహుమా నావైపు చూసింది. సరేనన్నాను.

రెండు శనివారాలు వెళ్లి కూర్చున్నాను. పంక్తి పంక్తీ విప్పి చెప్పింది. ఆమె అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మూడో శనివారం పాపకు దగ్గు. నాలుగోసారి వాన. ఆ తర్వాత నేను కారణం కూడా చెప్పలేదు. సంతకాల్లేవని జూన్‌లో చీటీలు మళ్లీ చేతిరాతకొచ్చాయి. వాటిని రాసేది ఇప్పుడు కబహుమాయే.

మొన్న పాపకు టీకా వేయించడానికి వెళ్తే, పనయ్యాక ప్రోగ్రాము ఇంకా మారుస్తూనే ఉన్నానంది. ఎంతవరకొచ్చిందని అడిగాను.

"నలభై ఆరో మార్పు. కూర్చుంటావా కాసేపు?"

పాప ఏడుస్తుందని చెప్పి వచ్చేశాను. పాప నా భుజంమీద నిద్రపోతోంది.