పడమటి హద్దు

మా నాయనకు రెండు ముచ్చట్లంటే ప్రాణం. ఒకటి మా ముత్తాత కథ. కలువాయి నుంచి చేతికర్ర, భుజాన మూట తప్ప ఏమీ లేకుండా వచ్చి, ఉదయగిరి పక్కన మిద్దె, మాగాణి, బావితోట అన్నీ సొంత రెక్కల మీద సంపాదించాడని చెప్పేవాడు. రెండోది, ఊళ్ళో ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళను ఏడిపించడం. వాళ్ళలో ఎవరైనా మా అరుగు ముందు నుంచి పోతే చాలు, "ఏంరా, మామ సెలవిచ్చినాడా బయటికి రావడానికి?" అని కేకేసేవాడు. పాపం, వాళ్ళు నవ్వుకుంటూనే పోయేవాళ్ళు. లోపల ఎంత తిట్టుకునేవాళ్ళో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన ఎండాకాలం బడికి సెలవులిచ్చిన వారమే నాయన ఫోన్ చేశాడు. నేను ఆత్మకూరులో టీచర్ని. "కాగితాలు సక్కజేసుకోవాల పాపా. మీ అత్తను గూడా రమ్మన్నాను" అన్నాడు. అత్త అంటే నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. చేజర్లలో ఇచ్చారు. పెద్ద బొట్టు, పెద్ద గొంతు, నవ్విందంటే అవతలి వీధిలో కుక్కలు లేచి నిలబడతాయి. నాకు అమ్మ తర్వాత అమ్మ.

నాయన పిలిచింది ఎందుకయ్యా అంటే, ఆస్తిలో తనకేమీ అక్కర్లేదని అత్త సంతకం పెట్టాలట. అత్త కాఫీ గ్లాసు కింద పెట్టి, చెంగుతో మూతి తుడుచుకుని, చాలా నిదానంగా చెప్పింది.

"మిద్దె నాకొద్దన్నా. మాగాణీ వద్దు. బావితోట మాత్రం నాకియ్యి."

"తోటా? నీకెందుకు మే?"

"పుట్టినప్పుడు నాయనిల్లు అన్నారు. పెళ్ళయినాక మొగుడిల్లు అన్నారు. ఇప్పుడు కొడుకిల్లు అంటాండారు. ఇది నాది అని చెప్పుకోను ఒక చెట్టు నీడన్నా ఉండొద్దా? ఆ తోటలో ఎద్దుల్ని కట్టి బావి నీళ్ళకు కపిల తోలింది నేను. మామిడి మొక్కలకు కడవలతో నీళ్ళు మోసింది నేను. నువ్వు అప్పుడు ఉదయగిరిలో సినిమాలు చూస్తా ఉండినావు."

నాయన మీసం సవరించుకున్నాడు. "మన వంశంలో ఆడోళ్ళకి సెంటు నేల రాసింది లేదు. ఇది మా తాత చెమటోడ్చి సంపాదించింది. మగోళ్ళ నుంచి మగోళ్ళకి వచ్చింది. యాడన్నా ఒక్క కాగితంలో ఆడమనిషి పేరు సూపించు, ఆ పొద్దే తోట రాసిస్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చట్టం ఒకటుంది నాయనా!" అన్నాను. "చట్టం నీ బళ్ళో చెప్పుకో పో" అన్నాడు. నేనింకా నోరు చేసుకునేదాన్నే. అత్త నా చెయ్యి పట్టి ఆపింది. "కోర్టుకు పోయి తెచ్చుకునే తోట నాకెందుకు మే? మా అన్న చేత్తో ఇస్తేనే కావాల. కాగితం ఎతుకుదాం పా" అంది.

వెతకడమంటే అంత తేలికా? ఇంట్లో ఉన్న దస్తావేజుల పెట్టె మా తాత కాలంలోనే మిద్దె కురిసి తడిసింది. మిగిలింది చెదలు తినేశాయి. ఇక రిజిస్ట్రారాఫీసులో నకళ్ళు తీయించుకోవడమొక్కటే దారి. మరీ పాత రిజిస్టర్లలో వెతకాలంటే పేరు చెప్పాలి, కంప్యూటర్ మీట నొక్కితే వచ్చేవి కావు. మేం బారెడు చీటీ రాసిచ్చాం. తాత పేరు, ముత్తాత పేరు, ముత్తాత అన్నదమ్ముల పేర్లు. ఎంత తెలివిగలవాళ్ళమో చూడండి! ఆడమనిషి పేరు కోసం బయల్దేరి, చీటీ నిండా మగవాళ్ళ పేర్లే రాసిచ్చాం. ఎందుకంటే మాకు తెలిసినవి అవే. ముందురోజు నాయన్ని అడగనే అడిగాను.

"ముత్తవ్వ పేరేంది నాయనా?"

"అవ్వ."

"అవ్వ సరే, పేరు?"

"అవ్వకి పేరేంది మే? అవ్వే!"

చేత్తో ఆయనకు అన్నం కలిపి పెట్టి పెంచిన మనిషి. పేరు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆయనకు అప్పటిదాకా తోచలేదు.

అంత చీటీకీ దొరికింది ఒకే ఒక్క దస్తావేజు. మా తాత తోటలో తూర్పు మూల కొంచెం బడి కోసం దానమిచ్చిన కాగితం. ముత్తాత ఏదైనా కొన్నట్టు ఎక్కడా లేదు. ఆస్తి ఆకాశం నుంచి ఊడిపడిందా ఏంది అని విసుక్కుంటూ, సోడా బంకు ముందు బల్ల మీద కూర్చుని ఆ నకలు చదవడం మొదలుపెట్టాను. మన దస్తావేజుల్లో నేలకు నాలుగు పక్కలా ఎవరెవరు ఉన్నారో రాస్తారు కదా, చెక్కుబందీ అని. అక్కడికొచ్చేసరికి 'తూర్పు: సాయిబుల నిమ్మతోట' అని ఉంది.

సోడా బుడ్డి పక్కన పెట్టేశాను. మా కాగితంలో హద్దుగా వాళ్ళుంటే, వాళ్ళ కాగితంలో హద్దుగా మేం ఉండాలి కదా! మాది చెదలు తింటే తిననీ, వాళ్ళది తినలేదేమో.

"అత్తా, లెయ్! నిమ్మతోట వాళ్ళింటికి పోదాం."

అత్త ముఖంలో వెలుగొచ్చి, వెంటనే పోయింది. కారణం ఉంది. రెండు తోటల మధ్య గట్టు మీద ఒక కుంకుడు చెట్టుంది. కాయలు మావంటే మావని నాయనకూ, ఆ ఇంటాయనకూ ఎప్పుడో మాట పెరిగింది. అప్పట్నుంచి వాళ్ళు కోయరు, మేం కోయం. కాయలన్నీ రాలి, వానకు గట్టంతా నురగ కట్టి పోతుంది. ఆ ఇంటాయన పోయినా నాయన పంతం పోలేదు. ఉన్నది ఆయన భార్య. చిన్నప్పుడు అత్తా ఆమే ఒకే బావి గట్టు మీద కూర్చుని ఉప్పూ కారం అద్దుకుని మామిడి పిందెలు తిన్నవాళ్ళు. అత్త ఆమెను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేదట.

"మీ నాయనకు తెలిస్తే?" అంది.

"తెలియనీ, నన్ను బళ్ళో నుంచి తీసేస్తాడా?" అన్నాను.

వాకిట్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని చెక్క గరిటెలు చెక్కుతున్నారు. ఆపా గడప దాటి వచ్చి, అత్తను చూసింది. అత్త రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. "అరే, ఇప్పుడు గుర్తొచ్చినానా నేను? నీ నెత్తి తెల్లబడేదాకా ఆగాల్నా?" అంది. అత్త, "నీది మాత్రం నల్లగా ఉండాదా?" అంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. నేను వచ్చిన పని చెప్పడానికి రెండు సార్లు టీ తాగాల్సి వచ్చింది.

ఆపా లోపలికి పోయి ఒక ట్రంకు పెట్టె తెరిచింది. వేపాకు, కర్పూరం వాసన. చెదలకు ఆ ఇంట్లో పప్పులుడకలేదు. గుడ్డలో చుట్టిన దస్తావేజు నా ఒళ్ళో పెట్టి, "మా మామ తండ్రి ఈ నేల కొన్నప్పటి కాగితం. చదువు బిడ్డా" అంది. గొలుసుకట్టు రాత. పదానికీ పదానికీ సందు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. వేలు పెట్టుకుని ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చెక్కుబందీ దగ్గరికొచ్చాను.

పడమర: ఫలానా వారి కుమార్తె, ఇల్లరికపుటల్లుడు ఫలానా వారి భార్య, ఫలానా అమ్మకు తండ్రి పసుపుకుంకుమ కింద ఇచ్చిన బావితోట.

ఆ పేర్లు ఇక్కడ రాయను. అవి మా ఇంటివి. కానీ ఆ రోజు పేరు గట్టిగా చదివాను. అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అవ్వ పేరా అది? ఎంత బాగుండాదే!" అంది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. మరుక్షణం ఆ చెయ్యి తీసేసి, "ఏమే, ఇందాక ఏమన్నావు? ఇల్లరికమా?" అంది. అవును, ఇల్లరికమే! కర్రా మూటా వేసుకుని వచ్చింది అత్తగారింటికి! ఆపాకు కూడా మా నాయన సంగతి తెలుసు కాబట్టి, ముగ్గురం నవ్విన నవ్వుకు గరిటెలు చెక్కేవాళ్ళు పని ఆపి తొంగి చూశారు.

పేరు దొరికాక మిగిలిందెంతసేపు? మళ్ళీ ఆఫీసుకు పోయి, ఈసారి చీటీలో ముత్తవ్వ పేరొక్కటే రాసిచ్చాం. దస్తావేజు వచ్చింది. తోట ఒక్కటే కాదు, మిద్దె, మాగాణి అన్నీ. "నా ఏకైక కుమార్తెవగు నీకు" అని మొదలుపెట్టి, దానవినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించమని ఆ తండ్రి రాశాడు. ఎవరో ఏమిటో తెలియని ఆ పెద్దాయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

సాయంత్రం నాయన ముందు అరుగు మీద కూర్చుని చదివాను. ఇల్లరికం ముక్క దగ్గర కొంచెం గొంతు పెంచాను. ఆ మాత్రం సరదా నాకుండకూడదా? నాయన మీసం మీద చెయ్యి ఉంది కానీ మెలెయ్యడం లేదు. అత్త చీర కుచ్చిళ్ళు నలుపుతూ ఆయన ముఖంలోకే చూస్తోంది. కాగితాలు సరే, ఆయన మనసు తిరగకపోతే ఆమె ఊరికే లేచి చేజర్ల బస్సెక్కి పోతుందని నాకు తెలుసు.

"అవ్వ పేరు ఇంకోసారి చదువు" అన్నాడు.

చదివాను.

"ఇంకోసారి."

చదివాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మా తాత ఏం చెయ్యాలన్నా అవ్వను అడిగేవాడు. ఎద్దులు కొనాలన్నా, గట్టెయ్యాలన్నా. తాళాలు ఆమె నడుముకే ఉండేవి. తాతకు పెళ్ళామంటే బయ్యం అని మేం పిలకాయలంతా ఎగతాళి చేసేవాళ్ళం. బయ్యం కాదు మే. ఆమె సొమ్ము, ఆమెను అడిగినాడు. అంతే."

అప్పుడే, చెప్తే నమ్మరు, ఊళ్ళో ఇల్లరికపు అల్లుళ్ళలో పెద్దాయన సైకిల్ తోసుకుంటూ అరుగు ముందు నుంచి పోతున్నాడు. అలవాటుగా కేక కోసం తల తిప్పి చూశాడు. నాయన లేచి నిలబడ్డాడు. "రారా, వచ్చి కూచో. మనోడివే నువ్వు" అన్నాడు. ఆయన బిత్తరపోయి సైకిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అత్త నవ్వు మొదలైంది. నాయన ఆపుకోలేక తనూ మొదలుపెట్టాడు. అంతసేపు ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

రిజిస్ట్రేషన్ రోజు అత్త పట్టుచీర కట్టింది. సాక్షిగా ఆపాను తీసుకొచ్చింది ఎవరనుకున్నారు? నాయనే, స్వయంగా వాళ్ళింటికి పోయి ఆటోలో ఎక్కించుకుని. దారిలో ఇద్దరూ కుంకుడుకాయల ఊసే ఎత్తలేదట. ఉదయగిరి కొండ మీద మబ్బు పట్టింది, వానొస్తుందా రాదా అని మాట్లాడుకున్నారట.

డాక్యుమెంట్ రైటర్ చకచకా టైపు చేస్తూ పోతున్నాడు. మాగాణీ, మిద్దె నాయన భాగం, బావితోట అత్త భాగం. నాయన మాగాణికి హద్దులు అడిగాడు. తూర్పు, దక్షిణం, పడమర అయిపోయాయి.

"ఉత్తరం ఎవురిది సార్?"

"మా చెల్లెలిది" అన్నాడు నాయన.

రైటర్ టైపు చేస్తూ, "ఫలానా వారి భార్య..." అని మొదలుపెట్టాడు. నాయన బల్ల మీద చెయ్యేసి ఆపాడు. "అట్ట గాదు. ముందు ఆమె పేరు రాయి. పెద్దచ్చరాలతో రాయి. తర్వాత మా నాయన కూతురని రాయి. మొగుడి పేరు ఆ తర్వాత ఉంటే ఉండనీ. రేపు నా కాగితం చెదలు తిన్నా, పక్క కాగితంలో వెతుక్కునే వాళ్ళకి నా చెల్లెలు దొరకాల."

అత్త చెంగులో ముఖం దాచుకుంది. ఆపా ఆమె వీపు నిమిరింది. అందరం ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నాం. చెంగుతో ముక్కు తుడుచుకుని, చివరికి తల ఎత్తింది.

"అన్నా, నీ నేలకూ నా నేలకూ మధ్య గట్టు మీద మాత్రం కుంకుడు చెట్టు నాటబాక" అంది.