విత్తనంలో తాత

కదిరిలో కాయలొలిచే మిషన్ పక్కగా పోతుంటే పొట్టు, దుమ్ము, విత్తనపు పప్పు కలిసిన వాసన తగులుతుంది. ఇప్పటికీ నా బొటనవేళ్లు సలుపుతాయి. నా చిన్నప్పుడు మృగశిర కార్తెకు ముందు మా వసారాలో వేరుశనగ కాయల మీద నీళ్లు చిలకరించి, ఆడవాళ్లూ పిల్లలూ చాటలు ముందేసుకుని రోజంతా ఒలిచేవాళ్లం. వడగాలికి పొట్టు కళ్లల్లో పడేది, రాగి అంబలి ముంత చేతులు మారేది, ఒలిచేకొద్దీ ఆకలి పెరిగేది, అయినా ఎవరూ విత్తనాన్ని నోట్లో వేసుకుంటూ కనిపించేవాళ్లు కాదు. మా జేజి, అంటే నాయనకు అమ్మ, ఒక్క కథతో అందరినీ కట్టేసేది.

పప్పును రెండు బద్దలు చేసి కొనలో మొలకను చూపేది. అచ్చం గడ్డం తాతలా ఉండేది.

"ఈయప్ప నిద్రపోతాండాడు. వానొచ్చి పిలుస్తాది. మీరు తినేస్తే పిలిచి పిలిచి ఎనక్కి పోతాది" అనేది.

ఒక ఏడు వాన రాలేదు. ఏరువాక పున్నమికి బెల్లం ఓళిగలు లేవు, ఎద్దుల కొమ్ములకు రంగూ లేదు. రాయదుర్గం దిక్కున మబ్బులు వచ్చినట్టే వచ్చి పోయేవి. ఆరేళ్ల మా చెల్లెలు ఈశ్వరి ముద్ద ముట్టడం మానేసింది. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నాలుగో రోజు ఈశ్వరి జేజి కొంగు పట్టుకుంది.

"నేను ఒగ ఇత్తనం తింటి జేజీ. నా వల్లనే వాన ఎనక్కి పాయ."

జేజి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. "అది ఉత్త కతమ్మా. నేనే అల్లినా."

"నేను ఏడుస్తానని అబద్ధం చెప్తాండావు."

జేజి దేవుడి మీద ఒట్టేసింది. గుప్పెడు విత్తనాలు దాని ముందే నమిలి మింగింది. ఇంకెంతమంది తాతలు పోయారోనని ఈశ్వరి వెక్కివెక్కి ఏడ్చింది. అబద్ధాన్ని ఇంటిల్లిపాదీ చేత నమ్మించిన మనిషి నిజాన్ని ఒక్క పసిదాని చేత నమ్మించలేకపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఒలిచేటప్పుడు జేజి అటు తిరిగినప్పుడల్లా రెండో మూడో నోట్లో వేసుకునేదాన్ని నేను. చెబితే వీపు చీరేస్తారని భయపడ్డాను. కొన్నాళ్లకు ఈశ్వరి అంబలి తాగింది. జేజి మాత్రం మళ్లీ కథ చెప్పలేదు.

ఇప్పుడు విత్తనాలు సంచుల్లో వస్తున్నాయి. ఆ వసారా లేదు, ఒలవడానికి కూర్చునే మనుషులూ లేరు, వాళ్లను కూర్చోబెట్టే కథతో ఎవరికీ పనిలేదు. నిన్న ఈశ్వరి మా ఇంటికి భోజనానికి వచ్చి, ఊరుబిండి పచ్చడిలో వేరుశనగ పప్పు ఉందని గిన్నెను పక్కకు జరిపింది. మా కోడలు అడిగితే, "నాకు సరిపోదులేమ్మా" అంది. దానికి యాభై దాటాయి. నేనూ తిన్నానని ఆనాడు చెప్పలేదు. నిన్నా చెప్పలేదు.