గీత ముట్టి వాపస్

నేను ఇంటర్ చదివే రోజుల్లో నాంపల్లిలో మా రగ్బీ జట్టు ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయేది. "మీల దమ్ము లేదురా" అని కోచ్ మమ్మల్నే తిట్టేవాడు. ఆయన ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. రగ్బీ మాకంటే ఆయనకే తక్కువ తెలుసు.

ఒక మ్యాచ్‌లో నేను బంతితో ఎవరికీ చిక్కకుండా అవతలి గీత దాకా ఉరికాను. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే పాయింట్లు మావే. సరిగ్గా అప్పుడే కోచ్, కబడ్డీ కూతకు పోయినవాడికి చెప్పినట్టు, "గీత ముట్టి వాపస్ రారా!" అని అరిచాడు. ఆయన తిట్లకు జడిసిన నా కాళ్లు గీత ముట్టి వెనక్కి తిరిగాయి. మైదానమంతా పగలబడి నవ్వింది. మళ్లీ ఓడాం.

"దిమాగ్ ఉందారా నీకు?" అన్నాడు కోచ్.

"మీరే చెప్పిన్రు గద సార్!"

"నేను చెప్తే మాత్రం? నీకు తెల్వదా?"

ఇప్పుడు అబిడ్స్‌లో నేను కనిపిస్తే ఆయన "నా శిష్యుడు" అని పక్కవాళ్లకు గొప్పగా చూపిస్తాడు. నేను ఆయన దగ్గరదాకా వెళ్లి, పలకరించకుండా వాపస్ వచ్చేస్తాను. ఆయన నేర్పింది అదొక్కటే కదా!