పంచాయతీ గోడ మీద నోటీసు

నేను ప్రొద్దుటూరులో వకీలుని. కరెంటు లైన్లు, టవర్ల కేసులు చూస్తానంటే ఇప్పటి కుర్ర వకీళ్ళు గౌరవంగా కుర్చీ వేస్తారు. వాళ్ళకేం తెలుసు, నా మొహం. ఆ పేరు తెచ్చిపెట్టిన మొదటి కేసు సంగతి ఇంట్లో నా భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు. సిగ్గుతోనే చెప్పలేదు, వేరే కారణం లేదు.

అవి ఊళ్ళన్నీ రెండుగా చీలిపోయి ఉన్న రోజులు. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారి పక్కన ఒక ఊరు. పై వీధిది ఒక పార్టీ, కింది వీధిది ఇంకో పార్టీ. కొట్లాటల్లో రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. ఆ తర్వాత కింది వీధి వాళ్ళు పై వీధిలో కాలు పెట్టడం మానేశారు. బస్సెక్కాలన్నా చేల గట్ల మీద చుట్టు తిరిగి రోడ్డెక్కేవారు. డీలరు రేషను బియ్యాన్ని కింది వీధికి బండిలో తెచ్చి వేరుగా కొలిచేవాడు. పంచాయతీ ఆఫీసు పై వీధి నడిమధ్యన ఉంది. బయటివాళ్ళకు ఇవేవీ తెలియవు. మా వైపు పుట్టినవాడికి తెలియకపోవడమనేది ఉండదు.

ఒక కరెంటు కంపెనీ ఆ పొలాల మీదుగా పెద్ద లైను వేస్తోంది. నేను ఆ కంపెనీ వకీలుని. మొదటి సర్వేలో లైను పై వీధి నాయకుడి చీనీ తోట, అంటే బత్తాయి తోట, మీదుగా పోయింది. ఆయన ఎవరితోనో ఒక మాట చెప్పించాడు, లైను పక్కకు వంగింది. వంగినచోట టవరు వచ్చి కింది వీధిలో గొర్రెలు మేపుకునే ఒకాయన చేలో పడింది. ఆయన మందలో సగం అమ్మి రెండున్నర ఎకరాలు కొన్నవాడు. నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదోదాంట్లో నీళ్ళు పడ్డాయి. టవరు కాలు సరిగ్గా ఆ బోరు దగ్గరే దిగుతుంది కాబట్టి బోరు పూడ్చాల్సిందే. పోయిన పంటకు పరిహారం ఇస్తారు. నీళ్ళు పోతే ఆ చేలో ఇక పంటే ఉండదు.

లైను దారి మార్చినందుకు ఊళ్ళో నోటీసు అంటించాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి నెల గడువివ్వాలి. ఆ నోటీసు నేనే రాశాను. కంపెనీ ఇంజినీరు కోస్తా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి.

"ఎక్కడ అంటిద్దామండీ? ఒక కాపీ ఆ రైతు చేతికే ఇచ్చేస్తే పోలా?" అని అడిగాడు.

"అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి ఫొటో తీయించండి, చాలు."

"ఆయన చూస్తాడంటారా?"

"చూసుకోకపోతే ఆయన ఖర్మ" అన్నాను.

నా తెలివి తగలెయ్య. పై వీధి నాయకుడికి భయపడి అలా చెప్పానంటే కొంత పరువైనా దక్కేది. ఆయన నన్ను పిలవలేదు, బెదిరించలేదు. చట్టం తప్పకుండానే పని ముగించే కిటుకు దొరికిందని నా అంతట నేనే మురిసిపోయాను. ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను కూడా.

నెల గడిచింది. మార్కింగు రాళ్ళు పాతేదాకా ఆయనకు విషయమే తెలియదు. ఎవరితోనో అర్జీ రాయించుకుని పరుగెత్తుకొచ్చాడు. జమ్మలమడుగులో విచారణ పెట్టారు. ఉతికిన పంచె, భుజాన కంబళి, చేతిలో బోరు వేయించిన నాటి చీటీ. అధికారి మంచిగానే అడిగాడు.

"నోటీసు మీ పంచాయతీ ఆఫీసు గోడ మీదే ఉందంట గదా. ఎందుకు చూసుకోలేదు?"

ఆయన నోరు తెరిచాడు. అంతలో తల తిప్పి వెనక బెంచీ వైపు చూశాడు. అక్కడ పై వీధి మనుషులు ఇద్దరు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఆ వీధిలోకి పోతే ప్రాణం మీదికొస్తుందని వాళ్ళ ముందర చెప్పి, ఆ సాయంత్రం అదే ఊరికి ఎట్లా పోతాడు?

"గొర్లెంబడి పోయింటి సార్" అన్నాడు.

అబద్ధమని నాకు తెలుసు. ఎందుకు చెప్పాడో కూడా తెలుసు. నేను లేచి నిలబడ్డాను. నోటీసు సక్రమంగా అంటించామనీ, సొంత పనుల మీద పోయి చూసుకోలేదని ఆయనే ఒప్పుకున్నాడనీ చెప్పాను. ఫొటో అందించాను. గొంతు ఎక్కడా వణకలేదు. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. గడువు దాటింది గనుక అర్జీ చెల్లదని అధికారి అప్పుడే ఉత్తర్వు ఇచ్చాడు.

బయట టీ బంకు దగ్గర ఉంటే ఆయన నా దగ్గరికే వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు చదువు రాదప్పా. ఆ గోడ మీది కాగితంలో ఏం రాసుండారో ఒకతూరి చదివి చెప్తావా?"

ఫైలు తీసి చదివాను. ఆయన పేరు, సర్వే నంబరు, నెల గడువు, అభ్యంతరాలుంటే ఫలానా చోట ఇవ్వవచ్చు. నేను రాసిన ముక్కలన్నీ ఆయనకు నా నోటితోనే వినిపించాను. ఆయన కదలకుండా విన్నాడు.

"ఇది నా చేతికొచ్చుంటే బోరు నిల్సుండునేమో గదా?"

"ఏమోప్పా" అన్నాను.

"నీ మీద నాకు కోపం లేదులే. కంపెనీ వకీలువి, నీ పని నువ్వు చేసినావు. అంటించినోళ్ళు బయటోళ్ళు. మా వీధుల సంగతి వాళ్ళకేం తెలుసు? నువ్వు ఈడోనివి. ఆడ అంటించొద్దు, కింది వీధోళ్ళు ఆడికి రారని నువ్వైతే చెప్పిందువు. నిన్ను ఒక్క మాట అడగలేదా వాళ్ళు?"

"అడగలేదప్పా."

"అదే నేను గూడా అనుకుంటి" అన్నాడాయన.