గుర్రాన్ని చూడని జీనులు

నేను మనుషుల ముఖాలకంటే ముందు వాళ్ళు కూర్చునే తీరు చూస్తాను. ఇది నా తప్పు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఇబ్రహీంపట్నంలో మా ఆయనతో కలిసి బండి సీట్లకు కవర్లు కుడుతున్నాను. మనిషి వచ్చి బండి స్టాండు వేసేసరికే ఆ సీటు ఎక్కడ కుంగిందో, అతను ఎటువైపు ఒరిగి నడుపుతాడో, వెనక భార్య కూర్చుంటుందో పాల క్యాన్లు కూర్చుంటాయో నాకు తెలిసిపోతుంది. పెళ్ళికి పోయినా పెళ్ళికూతురి నగలు చూడను, సోఫా చూస్తాను. ఫోము మంచిదో కాదో బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తేగానీ అక్షింతలు వేయబుద్ధి కాదు.

అలాంటిదాన్ని నలభై ఆరో ఏట గుర్రపు జీనుల వ్యాపారంలో పడ్డాను. మామూలు జీనులు కూడా కాదు. కౌబాయ్ సినిమాల్లో చూస్తామే, ముందు పట్టుకోవడానికి కొమ్ములాంటి పిడి, వెనక నడుముకు ఎత్తైన అంచు, రెండు పక్కలా వేలాడే పెద్ద తోలు రెక్కలు, ఆ రకం. అవీ ఎవరో వాడి వదిలేసినవి. మా ఊళ్ళో అలాంటివి కొని అమ్మే మనిషి అంతకు ముందు లేడు, ఇప్పుడూ నేను తప్ప లేడు. ఈ మాట రాస్తుంటే నాకే గర్వంగా ఉంది, దాచుకోను.

మొదటిది రావిర్యాల దగ్గర ఒక ఫాంహౌసులో దొరికింది. వాళ్ళ టాపు లేని జీపుకు సీట్లు కుట్టాలంటే కొలతలకు పోయాం. మా ఆయన టేపు పట్టుకుని జీపులో దూరాడు. నేను మంచినీళ్ళ కోసం వెనక షెడ్డు వైపు పోయాను. అక్కడ ఒక దుంగ మీద ఈ జీను, జీను మీద ఒక కోడి. గుడ్లు పొదుగుతోంది. అంత దర్జాగా కూర్చున్న ప్రాణిని నేను అంతవరకు చూడలేదు. వెనక అంచుకు ఆనుకుని, మెడ నిక్కించి, నన్ను పనిమనిషిని చూసినట్టు చూసింది.

ఫాంహౌసు మేనేజరును అడిగితే కథంతా చెప్పాడు. యజమానికి ఒకప్పుడు గుర్రాల మోజు ఉండేదట, రెండు గుర్రాలు కొని జీనులు విదేశాల నుంచి తెప్పించాడట, రెండేళ్ళకు మోజు తీరిపోయి గుర్రాలు అమ్మేశాడట, జీనులు మాత్రం ఎవరికీ అక్కర్లేక మిగిలాయట. జీపు సీట్లకు మా మజూరీలో కొంత తగ్గించుకుంటే ఇస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు, కోడి తన పిల్లల్ని లేపేదాకా ఆగాలి. పదిహేను రోజులు ఆగాను. కోడి దయ తలచి ఖాళీ చేసిన మర్నాడే పోయి తెచ్చుకున్నాను.

జీను లోపల చెక్క చట్రం ఉంటుంది. అది విరిగితే పైన తోలు ఎంత మెరిసినా దండగే. చూసే పద్ధతి ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వెనక అంచును కడుపుకు ఆనించుకుని, కొమ్మును రెండు చేతులా పట్టి మన వైపు లాగాలి. ఏమాత్రం వంగినా కొనకూడదు. నేను షాపు ముందు నిలబడి ఇలా లాగుతుంటే, ఎదురుగా టీ తాగేవాళ్ళు నాకు కడుపునొప్పి అనుకున్నారు. చట్రం గట్టిగానే ఉంది. కోడి రెట్టలు కడిగి, తోలుకు నూనె పట్టించి చూసేసరికి నాకు కళ్ళు చెదిరాయి. ఆ కుట్టు, ఆ పూల చెక్కడం, అంత మందం తోలు నా చేతికి ఎప్పుడూ తగల్లేదు. ఆ రోజు అన్నం తింటూ కూడా లేచి వెళ్ళి దాన్ని తడిమి వచ్చాను.

ఒక్కటే లోపం కనబడింది. సీటు నడుమ తోలు అరిగి, నున్నగా, ఒక గుంట పడి ఉంది. మా పనిలో గుంట అంటే రోగం. గుంట పడిన సీటు తెస్తేనే మాకు బువ్వ. చేయి ఊరుకుంటుందా? పాత తోలు మీదే రెండంగుళాల ఫోము వేశాను. పైన ఎర్ర రెక్సిన్ బిగించి అంచులకు పసుపు పైపింగ్ కుట్టాను. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి నిదానంగా పైకి వచ్చింది. మా ఆయన కూడా నొక్కి చూసి, బుల్లెట్ బండి సీటు కూడా ఇంత మెత్తగా కుట్టలేదని ఒప్పుకున్నాడు.

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఫొటోలు దిగడానికి తోటలు పెట్టినవాళ్ళు దాన్ని కొన్నారు. వాళ్ళ దగ్గర ఒక గుర్రం ఉంది, సిమెంటుది. అదే ఫాంహౌసు నుంచి తెచ్చిన రెండో జీను ఒక ఐస్‌క్రీం షాపులో స్టూలు అయింది. ఇద్దరూ సీటు మెత్తదనాన్ని మెచ్చుకున్నారు. ఇంకేముంది, జీనుల గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. గుర్రపు స్వారీ నేర్పే చోటు ఒకటి మూతపడుతోందని తెలిసి ఒకేసారి ఐదు జీనులు ఆటో ట్రాలీలో వేసుకొచ్చాను. షాపులో సగం నిండిపోయింది. మా ఆయన కుట్టుమిషను ఎండలోకి జరిగింది.

ఆయన అరిచే మనిషి కాదు. ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా చెప్పాడు. ఒక్క జీను వాపసు వచ్చినా మిగిలినవన్నీ పాత సామాను వాడికి ఇచ్చేయాలన్నాడు. సరేనన్నాను. అనేశాను గానీ, లేచి పోయి ఆ ఐదింటినీ ఒకసారి లెక్కపెట్టి వచ్చాను. షాపు ఆయనది, గిరాకీ ఆయనది, కొలతలు ఆయన రాస్తాడు, నేను కుడతాను. ఈ జీనులొక్కటే నేను చూసి, నేను బేరమాడి, నేను తెచ్చుకున్నవి. అవి పోతే నాకు మళ్ళీ కుట్టడమే మిగులుతుంది. కుట్టడం చెడ్డపనేమీ కాదు, కానీ నాకు అది చాలడం మానేసింది.

ఐదింటిలో గుంట పూడ్చి ఎర్ర సీటు కుట్టిన మొదటిదాన్ని బడంగ్‌పేట్ నుంచి వచ్చిన గుర్రాలాయన కొన్నాడు. ముప్పై దాటని మనిషి, బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి తిప్పుతాడు. గుర్రం ముందు తాడు పట్టుకుని నడవడమే తప్ప జీను మీద కూర్చునే పని ఆయనకు లేదు. పాత జీను గట్టిగా ఉందని పెళ్ళికొడుకులు గులుగుతున్నారట. నా ఎర్ర సీటు నొక్కి చూసి, పసుపు పైపింగ్ తన గుర్రం జరీ బట్టకు సరిగ్గా జత కుదిరిందని మురిసిపోయాడు. ప్రాణమున్న గుర్రం మీదికి ఎక్కిన నా మొదటి జీను అదే.

నెల తిరక్కముందే, ఒక పొద్దున మేము షాపుకు పోయేసరికి మూసిన షట్టరు ముందు ఆ తెల్లగుర్రం నిలబడి ఉంది. మీద నా జీను, పక్కన గుర్రాలాయన. ముందటిరోజు మా ఊరి ఫంక్షన్ హాలు దగ్గరే బరాత్. బ్యాండు మొదలై గుర్రం నాలుగు చిందులు వేయగానే పట్టు షేర్వానీ వేసుకున్న పెళ్ళికొడుకు జారి, బ్యాండువాళ్ళ పెద్ద డోలు మీద పడ్డాడట. దెబ్బ ఒంటికి తగల్లేదు, పరువుకు తగిలింది. పెళ్ళివాళ్ళు కిరాయి ఎగ్గొట్టారు. జీను వాపసు తీసుకొమ్మన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఒప్పందం ఉంది.

నా నోరు ఊరుకోలేదు. తప్పు జీనుది కాదన్నాను, పట్టు బట్టదన్నాను, ఈ కాలం పెళ్ళికొడుకులకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడమే సరిగ్గా రాదన్నాను. గుర్రాలాయన ఓపికగా అంతా విన్నాడు.

"అయితె నువ్వే కూసో అక్కా," అన్నాడు. "గా వాటర్ ప్లాంటు దాక పోయొస్తం. జారకుంటె జీను నేనే ఉంచుకుంట. జారితివా, గిక్కడ్నే పెట్టిపోత."

షాపు పక్క సందు చివర, రెండు వందల అడుగుల్లో ఉంది వాటర్ ప్లాంటు. గుర్రం మాత్రం చాలా ఎత్తులో ఉంది. సందులోనే ఉన్న ఇంటికి పోయి చీర కింద మా ఆయన ప్యాంటు తొడుక్కుని వచ్చాను. ఇంటి నుంచి తెచ్చిన స్టూలు వేసుకుని, మా ఆయన భుజం మీద ఒక కాలు, ఎక్కడ పెట్టానో తెలియని ఇంకో కాలు, మొత్తానికి ఎక్కాను. పైనుంచి మా ఆయన బట్టతల మొదటిసారి పూర్తిగా చూశాను. నవ్వొచ్చింది. గుర్రం అడుగు వేయగానే నవ్వు పోయింది.

నా సీటు నన్ను మోయడం లేదు, నెడుతోంది. ఫోము ఎత్తుకు కాళ్ళు రికాబుల్లో సరిగ్గా ఆనడం లేదు. రెక్సిన్ నున్నదనానికి ఒక్కో అడుగుకు ఒక్కో వేలెడు ముందుకు జారుతున్నాను. కొమ్మును రెండు చేతులా కావలించుకున్నంత పని చేశాను. నీళ్ళ క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్ళకు మాత్రం ఊరేగుతున్న దేవతలా నవ్వు ముఖం పెట్టాను. ఒకామె దండం పెట్టినట్టు కూడా అనిపించింది. గుర్రాలాయన తాడు పట్టుకుని ముందు నడుస్తున్నాడు కాబట్టి వెనక నా అవస్థ ఆయనకు తెలియలేదు. దూరం నుంచి మా ఆయనకు నేను నిటారుగానే కనిపించాను.

షాపు ముందుకు వచ్చి ఆగాం. గుర్రాలాయన తిరిగి చూసి, మంచిగనే కూర్చున్నానని, తప్పు ఆ పెళ్ళికొడుకుదేనని ఒప్పుకున్నాడు. నేను గెలిచాను. మా ఆయన ముఖంలో ఒక చిన్న నవ్వు కూడా వచ్చింది. ఊరుకుని దిగిపోతే సరిపోయేది. కానీ నా రెండు చేతులూ ఇంకా కొమ్మును వదల్లేదు, రేపు ఇదే సీటు మీద ఎవరి కొడుకో ఎక్కుతాడు, ప్రతిసారీ కింద డోలు ఉండదు. ఇరవై రెండేళ్ళుగా మనుషులు కూర్చునే తీరు చూసి మాట్లాడేదాన్ని, నేను కూర్చున్న తీరు గురించి అబద్ధం ఎలా ఆడేది?

"తీస్కోకు తమ్మీ," అన్నాను పైనుంచే. "మస్తు జారుతది. కొమ్ము పట్టుకోని ఏలాడుకుంట వచ్చిన. తప్పు నాది."

మా ఆయన గుర్రం పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా, "సప్పుడు చెయ్యక దిగితె అయిపోతుండె గద," అన్నాడు. జీనులు పోవాలని కోరుకున్న మనిషే ఆ మాట అన్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది, కానీ అప్పుడు దానికి తీరిక లేదు.

దిగి, షట్టరు కింద తాళం తీయకుండానే మా ఆయన సంచిలోంచి కత్తెర లాక్కుని, గుర్రం వీపు మీదే జీను కుట్లు తెంచడం మొదలుపెట్టాను. నేను కుట్టినదాన్ని నేనే కోస్తుంటే చేయి ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. పసుపు పైపింగ్ ఊడింది. ఎర్ర రెక్సిన్ ఊడింది. ఫోము పట్టి లాగితే ముసలి మనిషి పన్నులా ఊడొచ్చింది. కింద ఆ గుంట బయటపడింది. నేను రోగమనుకుని పూడ్చిన గుంట. ఎవరో ఎక్కడో ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని చేసిన చోటు అది. బండి సీటుకు గుంట పడితే పాడైనట్టు. జీనుకు గుంట పడితే కుదిరినట్టు. ఇది ఇంత సులువని ఐదు నిమిషాల ముందు నాకు తెలియదు. నా తెలివికి నాకే సిగ్గేసింది, వెంటనే నవ్వు కూడా వచ్చింది.

మళ్ళీ ఎక్కుతానన్నాను. ఈసారి ఎవరూ పందెం కట్టలేదు. స్టూలు మా ఆయనే వేశాడు.

కూర్చోగానే నడుము కింద ఎవరో రెండు చేతులూ పట్టి ఆపినట్టయింది. కాళ్ళు వాటంతటవే కిందికి దిగి రికాబుల్లో ఆనాయి. గుర్రం నడిచింది, నేను దానితోపాటు నడిచాను. కొమ్ము మీది నుంచి ఒక చేయి తీశాను. తర్వాత రెండోది. గుర్రాలాయన వెనక్కి చూసి, నా రెండు చేతులూ గాలిలో ఉండడం చూసి, కళ్ళెం నా చేతికిచ్చి పక్కకు వచ్చాడు. గుర్రం కొంచెం జోరు పెంచింది. ఒళ్ళంతా గలగలలాడింది, చెవులకున్న కమ్మలు ఊగాయి, కొప్పు ఊడింది. నవ్వు ఆగలేదు. వాటర్ ప్లాంటు దగ్గర ఆడవాళ్ళు క్యాన్లు వదిలేసి నవ్వారు. నలభై ఏడేళ్ళ మనిషిని, మొగుడి ప్యాంటు వేసుకుని, ఇంత సంతోషం ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టి మరిచిపోయానో అర్థం కాక ఏడుపు కూడా వచ్చింది.

తిరిగి వచ్చేసరికి గుర్రాలాయన రొప్పుతున్నాడు. జీను నేనే ఉంచుకుంటానన్నాడు. తన రెండో గుర్రానికి కూడా ఒకటి కావాలని, కానీ దాని మీద నన్ను ఏ కవరూ కుట్టొద్దని చెప్పాడు. ఆ మాట మా ఆయన విన్నాడు. విని, మిగిలిన జీనుల ఊసు ఎత్తకుండా, గుర్రం మెడ మీద ఒకసారి చేయి వేసి చూశాడు.

"ఇగ దిగు," అన్నాడు. "గిరాకీ వచ్చే యాళ్ళయింది. షాపు తెరవాలె."

"నువ్వు పొయ్యి తెరువు," అన్నాను. "మేం ఇంకోసారి పోయొస్తం."