ఖాళీ క్యారియర్ మీద చప్పుడు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా ఉన్నాయని వాదించను. జరిగింది చెబుతాను, అంతే.

మాది తెనాలి, చీరల వ్యాపారం. మూటలకోసం కారు మీద క్యారియర్ పెట్టించాలనుకున్నాం. మా కారు టాపుకు దాన్ని బిగించే రెయిల్స్ లేవు. పైగా గాలి హోరుంటే నా భార్య సరళకు తలనొప్పి.

"చదరపు కడ్డీలొద్దండి, స్పీడులో ఈల వేస్తాయి. రెక్కలా పల్చగా ఉండేవి తీసుకోండి. డోరు అంచులకి క్లాంపులతో బిగిస్తాం, చప్పుడే ఉండదండి," అన్నాడు షాపతను.

నిజమే. మర్నాడు రేపల్లె దాకా చిన్న చప్పుడైనా లేదు. సరళ హాయిగా నిద్రపోయింది.

అక్కడ మూటలు దించేసి బాపట్లకు బయల్దేరాం. వెనక బైకు మీద సరళ తమ్ముడు రవి. మిట్టమధ్యాహ్నం. ఊరు దాటిన కాసేపటికి పైన టక్, టక్ మని మొదలైంది. ఎవరో కూర్చుని మడమలతో రేకును తన్నుతున్నట్టు. కారు నెమ్మది చేసినా ఆ చప్పుడు వేగం తగ్గలేదు.

"ఏంటండీ అది?" సరళ నా చెయ్యి పట్టుకుంది.

"క్లాంపు వదులైనట్టుంది," అన్నాను.

ఇంతలో రవి హారన్ కొట్టుకుంటూ ముందుకొచ్చి బైకు అడ్డం పెట్టాడు. మొహం కోపంతో ఎర్రబడింది.

"బుద్ధుందా బావా? పసిపిల్లని పైన కూర్చోబెట్టి తోల్తావా?"

గబగబా దిగాను. పైన ఎవరూ లేరు. క్లాంపులు గట్టిగా ఊపినా కదల్లేదు. రవి మాత్రం నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఎటు చూస్తున్నాడో నేను పట్టించుకోలేదు.

అక్కడే కడ్డీలు ఊడదీసి వెనకసీటులో పడేశాను. కారు కదిలింది. ఒట్టి టాపు మీద మళ్ళీ టక్, టక్. సరళ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూనే ఉంది. బాపట్ల బజారులో జనం మధ్యకు వచ్చాకే చప్పుడు ఆగింది.

మెకానిక్ టాపు లోపలి గుడ్డ కూడా విప్పి చూశాడు. ఏ లోపమూ లేదు. కారు అమ్మేశాం. అదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఎప్పుడడిగినా రవి మాట మార్చేవాడు. మొన్న నేను వదల్లేదు.

"నువ్వు ఆపాక ఆ పిల్ల దిగి ఎటు పోయిందిరా?"

వాడు సరళ దగ్గర్లో లేదని చూసుకుని చెప్పాడు.

"దిగలేదు బావా. నువ్వు కడ్డీలు విప్పినంతసేపూ నీ మొహంలోకి వంగి చూస్తానే ఉంది."